జవాబు రానివాళ్ల గడి

జనవరి 12

అక్కకి,

నీ దగ్గర్నుంచి మూడు నెలలుగా ఉత్తరం ముక్క లేదు. ఉత్తరం రాలేదంటే అందరూ బాగున్నట్టే, బాగోకపోతే రాయకుండా ఉంటారా అని అమ్మ అనేది కదా. ఆ లెక్కన నువ్వు గుండ్రాయిలా ఉన్నావనే అనుకుంటున్నాను. ఫోను చేస్తే నీ లాండ్రీ యంత్రాల మోత తప్ప నీ మాట ఒక్కటీ వినబడదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మూత్రం ఆగడానికని నీ నడుము కింద ఆ కరెంటు మిషను పెట్టి ఈ మార్చికి ఏడేళ్లు. దాని బ్యాటరీ ఆయుష్షు కూడా సుమారుగా అంతే. నీతో పాటు మొదటి విడతలో పెట్టించుకున్న తొంభై ఆరుగురినీ వరసగా పిలిచి, పాతది తీసి కొత్తది పెడుతున్నారు. నీకు పిలుపు పంపి రెండు నెలలైంది, నువ్వు ఉలుకూ పలుకూ లేవు. మార్చి ఇరవైన ఒక ఖాళీ ఉంది. సర్జనుగారితో నీ కోసం ఆ రోజు అట్టిపెట్టమని చెప్పాను.

నీకు ధైర్యంగా ఉంటుందని ఇందులో ఒక కాగితం పెట్టాను. ఏడేళ్ల ఫలితాల పట్టిక, నా చేతుల మీదుగా టైపయింది. తొంభై ఆరుగురిలో డెబ్భై ఎనిమిది మంది సంతృప్తిగా ఉన్నారు. సర్జనుగారు దీన్ని ఏప్రిల్లో డాక్టర్ల సభలో చదువుతారు. ముప్ఫై ఏళ్లుగా ఈ రికార్డుల గదిలో దుమ్ము మింగుతున్నదాన్ని, ఇన్నాళ్లకి ఒక మంచి పనిలో చెయ్యి పెట్టానని తృప్తిగా ఉంది. అప్పట్లో వద్దు వద్దంటున్న నిన్ను ఆ జాబితాలోకి తోసింది నేనే కదా.

ఇక మనసులో ముల్లు. అమ్మాయి పెళ్లిలో నువ్వు చేసింది నేను మరిచిపోలేదు. పెద్దమ్మవై ఉండి చివరి వరసలో కూర్చున్నావు, భోజనాలకి పిలిచేసరికి చెప్పాపెట్టకుండా మాయమయ్యావు. మీ అక్కకి ఈ సంబంధం ఇష్టం లేదా అని వియ్యపురాలు అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. దానికి తోడు ఆ వరసలోనే ఎవరో ముఖమల్ కుర్చీ తడిపారు. వియ్యపురాలి మనవరాలు, ఐదేళ్లది, అక్కడే ఆడుకుంటూ ఉంది. అదే చేసిందని వాళ్ల అమ్మ అందరి ముందూ వీపు మీద నాలుగు తగిలించింది. పిల్ల నేను కాదు నేను కాదు అని ఒకటే ఏడుపు. పెళ్లంటే ఆ ఏడుపే గుర్తొస్తోంది నాకు.

నా మీద కోపం ఉంటే చెప్పు. లేకపోతే ఇరవైన రా.

నీ చెల్లి


జనవరి 25

చెల్లికి,

నీ పట్టిక అందింది. రెండుసార్లు చదివి బల్ల కాలు ఊగకుండా కింద పెట్టాను, బాగా పనికొచ్చింది.

మీ సర్జను పిలుపుతో పాటు పంపిన రంగుల కాగితం కూడా అందింది. దాని మీద ఒక ఆవిడ తెల్ల ప్యాంటు వేసుకుని గడ్డి మీద పరిగెత్తుతోంది. ఆమెకి నలభై కూడా ఉండవు. అరవై తొమ్మిదేళ్ల దాన్ని తెల్ల ప్యాంటు వేసి ఎవరు పరిగెత్తిస్తారు? కింద అక్షరాల్లో "మీ జీవితం మళ్లీ మీ చేతిలో" అని రాశారు. నా చేతిలో ఇప్పుడు ఏముందో వాళ్లకి చెబితే ఆ కాగితం అచ్చు వెయ్యరు.

నేను రాను. కొత్త మిషనూ వద్దు, పాత మిషనూ వద్దు. మీ ఆసుపత్రి నుంచి నెలకోసారి మా ఊరికి వచ్చే మీటలాయన ఉన్నాడు చూడు, కంపెనీ మనిషి, రిమోటు పెట్టి కరెంటు పెంచీ తగ్గించీ వెళ్లేవాడు. అతని దగ్గరికి రెండుసార్లు పోయాను. రెండోసారి అతను గడియారం చూసుకుంటూ, మిగతా అందరికీ బాగానే ఉందమ్మా, మీకే ఇలా ఎందుకో అన్నాడు. అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నీ పట్టికతో నమ్మాను. డెబ్భై ఎనిమిది మంది బాగున్నారంటే కుళ్లిపోయిన వాళ్లు పద్దెనిమిది మందే. తొంభై ఆరుగురిలో పద్దెనిమిది మందిలో చేరేంత చెడ్డ ఒళ్లు నాది. మిషను మంచిదే, దాన్ని పెట్టిన చోటే మంచిది కాదు.

పెళ్లి సంగతి. కోపం లేదు, సంబంధం ఇష్టం లేకా కాదు. ఎక్కువ సేపు కూర్చోలేను, అంతే. దాన్ని ఇంకా తవ్వకు.

ఆ పిల్లని నిజంగా కొట్టారా? గట్టిగానా?

అక్క


ఫిబ్రవరి 4

అక్కకి,

నువ్వు రాసే తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బల్ల కింద పెట్టావా? రాత్రింబవళ్లు కూర్చుని చేసిన పని అది.

ముక్కుసూటిగా అడుగుతాను. నీకు చెప్పిన వ్యాయామాలు చేస్తున్నావా? టీ తగ్గించావా? నీకు మొదటినుంచీ ఎవరి మాటా వినే అలవాటు లేదు. నిజంగా బాధ ఉంటే ఈ ఏడేళ్లలో ఒక్క ముక్క రాసి ఉండేదానివి. మొదటి రెండేళ్లు బాగుందని నువ్వే రాశావు, ఆ కాగితాలు నా దగ్గర ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క ఫిర్యాదు లేదు. ఇప్పుడు ఉన్నట్టుండి కుళ్లిపోయాను అంటావు. మిగతా అందరికీ బాగున్నప్పుడు నీకొక్కదానికే ఎందుకు బాగుండదు? ఆపరేషన్ రోజున నేను పక్కన లేనని నీకు లోపల ఉంది, అదే ఇలా బయటికి వస్తోందని నా అనుమానం. అప్పుడు నాకు సెలవు దొరకలేదని ఎన్నిసార్లు చెప్పాలి?

పోనీలే. నువ్వు భయపడుతున్నావని అర్థమైంది. నీ తరఫున నేనే ఒప్పుకున్నాను. మార్చి ఇరవై, ఉదయం ఎనిమిది, రెండో అంతస్తు. సర్జనుగారు ఆవిడ ఒప్పుకుందా అని అడిగితే, కాదనలేదంటే ఒప్పుకున్నట్టేనండీ, మా ఇంట్లో అంతే అన్నాను. ఆయన నవ్వి జాబితాలో రాసుకున్నారు. ముందురోజే మా ఇంటికి వచ్చెయ్. నీ కోసం ముందు గదిలో కొత్త పరుపు వేయించాను, తెల్ల దుప్పట్లు కొన్నాను. నువ్వు చూస్తే ఆ బట్ట రకం గురించి గంట మాట్లాడతావు.

అవును, పిల్లని గట్టిగానే కొట్టారు. దాని గురించి రెండు సార్లు అడిగావు, ఎందుకు?

చెల్లి


ఫిబ్రవరి 15

చెల్లికి,

నువ్వు రాసింది చదివి చేతిలో ఉన్న దిండు గలీబు కింద పడేశాను. నా ఒంట్లో కత్తి పెట్టడానికి నువ్వెవరే ఒప్పుకోవడానికి? నేను కాదనలేదా? జనవరి ఇరవై ఐదున రాసిన ఉత్తరంలో రాను, వద్దు అని రెండు మాటలు ఉన్నాయి. నీకు రాని ఉత్తరాలు చదవడం అలవాటై, వచ్చినవి చదవడం మానేశావు.

సరే, విను. నువ్వు మూత్రం అని రాస్తావు, ఆఫీసు మనిషివి. నేను ఉచ్చ అనే రాస్తాను. నలభై ఏళ్లు హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికించాను. మాసిన బట్టల బుట్ట మూత తీస్తే ఎవరు తాగారో, ఎవరు కక్కారో, ఎవరు పక్క తడిపారో ముక్కుతోనే చెప్పగలను. ఆ ముక్కుతోనే నేను నా పక్కన పడుకుంటున్నాను. అది నీకు తెలియాలి.

మొదటి ఏడాదిన్నర నిజంగానే బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? పిర్ర మీద అగ్గిపెట్టెంత ఎత్తు, ముడ్డిపూస దగ్గర చిన్న చిమచిమ, అంతే. ఆ ఏడాది సినిమాకి వెళ్లి మధ్యలో లేవకుండా మొత్తం చూశాను. కథ ఏమిటో గుర్తు లేదు, లేవలేదన్నదే గుర్తు. హాల్లో దీపాలు వేసేసరికి ఏడుస్తున్నాను, పక్కావిడ సినిమా చూసి అనుకుంది. ఆ రెండు ఫారాలూ అందుకే బాగుందని రాశాను.

తర్వాత ఒకరోజు బరువైన తడి బుట్ట ఎత్తుతుంటే లోపల ఏదో జారినట్టనిపించింది. మిషను తీగ కదిలిందట. అప్పట్నుంచి కరెంటు వెళ్లాల్సిన చోటికి కాకుండా కాల్లోకి దిగింది. నిలబడి మాట్లాడుతుంటే కాలి బొటనవేలు దానంతట అది ఎగిరేది. పెద్ద దుకాణాల గుమ్మంలో దొంగల్ని పట్టే గేట్లు ఉంటాయే, వాటి మధ్య నుంచి పోతే ముడ్డి మీద చెంపదెబ్బ కొట్టినట్టు ఉండేది. మీటలాయన మీటలు నొక్కాడు, పైకి పెట్టాడు, కిందికి పెట్టాడు. మూడో ఏడాదికి మిషను ఉలకడం పలకడం మానేసింది. ఉచ్చ తిరిగి వచ్చింది, పోయినప్పటికంటే ఎక్కువగా. ఆ పెట్టె మాత్రం అక్కడే ఉంది. కుర్చీలో ఆనుకుంటే ఎముకకి గుచ్చుకుంటుంది. చచ్చిన ఎలకని చర్మం కింద పెట్టుకుని మోస్తున్నట్టు ఉంటుంది నాకు.

ఐదేళ్లుగా నా దుప్పట్లని హోటలు దుప్పట్ల మధ్య కలిపి ఉతికిస్తున్నాను. ఎవరికీ తెలియదనుకున్నాను. పోయిన నెల ఇస్త్రీ ఆవిడ సెలవు పెట్టింది. ఆవిడ మూల చూస్తే నా పేరున ఒక నీలం సంచి వేరుగా కట్టి ఉంది. నా బట్టలు విడిగా రెండు నీళ్లు ఎక్కువ పట్టించి, ఆరేసి, మడిచి మళ్లీ కలిపేస్తోందట, మొదటినుంచీ. ఇరవై ఏళ్లుగా నా కింద పని చేసిన మనిషి. ఒక్క మాట అనలేదు. ఆవిడ మంచితనం చూస్తే నాకు కన్నీళ్లు రాలేదు, ఒళ్లంతా కంపరమెత్తింది. ఇన్నాళ్లూ ఆవిడ ముందు ముక్కు పైకెత్తుకుని తిరిగాను కదా.

ఇక ఆ కుర్చీ. నువ్వు రెండు సార్లు ఎందుకు అడిగావన్నావు. అది నేను. ముఖమల్ పీల్చేసింది, వెచ్చగా. అందరూ భోజనాలకి లేస్తుంటే దిండు తిరగేసి, శాలువా నడుముకి చుట్టుకుని చల్లగా జారుకున్నాను. బస్సులో నాలుగు గంటలు నిలబడే వచ్చాను. ఆ పిల్ల దెబ్బలు తింటున్నప్పుడు నేను బస్టాండులో ఉన్నాను. నన్ను చూసి నాకు పుట్టిన రోత చాలదని, ఇప్పుడు ఇది కూడా.

ఐదు ఫారాలు ఎందుకు పంపలేదో కూడా చెబుతాను. కవరు మీద నీ చేతిరాత ఉంటుంది, జవాబు విప్పేదీ నువ్వే. "ఎన్నిసార్లు తడుపుతారు, ఎంత తడుపుతారు, దాంపత్యంలో ఇబ్బంది ఉందా." చంటిదానివని నీ గుడ్డలు మార్చినదాన్ని, ఇవన్నీ నీకు రాయాలా? చించి బాయిలర్లో వేశాను. నేను రాయకపోతే నీకే అర్థమవుతుందనుకున్నాను. పద్దెనిమిది మందిలో వేసి, నలుగురికీ చెప్పకుండా ఊరుకున్నావని, నీలో ఆ మాత్రం మర్యాద ఉందని అనుకున్నాను.

ఇప్పుడు అనుమానంగా ఉంది. జవాబు రాయని నన్ను నువ్వు ఏ గడిలో వేశావు?

అక్క


ఫిబ్రవరి 28

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. చదివి మరుగుదొడ్డికి వెళ్లి తలుపేసుకుని కూర్చున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. నిన్ను డెబ్భై ఎనిమిది మందిలో వేశాను.

నీది పదిహేడో నంబరు. రిజిస్టరులో పేర్లుండవు, కానీ నీ నంబరు నాకు తెలుసు. మూడో ఏడాది నీ ఫారం రాలేదు. అమ్మ మాట గుర్తొచ్చింది. అక్క రాయలేదంటే బాగున్నట్టేలే అని నాలో నేను నవ్వుకుని సంతృప్తి గడిలో టిక్ పెట్టాను. మొదటి టిక్ నీదే. అదే వారం సర్జనుగారు జవాబు రానివాళ్లని ఏం చేద్దామన్నారు. బాగోకపోతే రాయకుండా ఉంటారాండీ అన్నాను. ఆయనకి ఆ మాట నచ్చింది. నిజమే, బాధ ఉన్నవాళ్లు ఊరుకోరు, వచ్చి మన గుమ్మం ముందు కూర్చుంటారు అన్నారు. ఆ రోజు నుంచి అది ఆఫీసు పద్ధతి అయిపోయింది. ఏటా జవాబు రానివాళ్లందరికీ నేనే టిక్కులు పెట్టాను. నా పెన్ను, నా చెయ్యి.

నిన్న రిజిస్టరు ముందేసుకుని లెక్క తీశాను. ఈ ఏడాది జవాబు రాసినవాళ్లు యాభై ఐదుగురు. అందులో బాగుందన్నవాళ్లు ముప్ఫై ఏడుగురే. మిగతా నలభై ఒక్క మంది ఒక్క అక్షరం రాయలేదు. వాళ్ల తరఫున అమ్మ మాటే రాసింది. మీటలాయన నీకు చెప్పిన "మిగతా అందరూ" వాళ్లే. నిన్ను నువ్వు అసహ్యించుకున్నది నీలాంటి వాళ్లతో పోల్చుకునే. ఆ పట్టిక మడిచి నీకు ధైర్యం కోసం పంపాను చూడు, దాన్ని తలుచుకుంటే నా వేళ్లు నాకే మురికిగా కనిపిస్తున్నాయి. సబ్బుతో కడిగాను, పిచ్చిదానిలాగ.

సర్జనుగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన, సభకి కాగితం అచ్చుకి వెళ్లిపోయింది, ఇప్పుడు కదిపితే అందరికీ తలనొప్పి, వచ్చే ఏడాది సరిచేద్దాం అన్నారు. చెడ్డవాడు కాదు అక్కా, రోగులతో బాగా మాట్లాడతాడు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. మార్చి ఇరవై జాబితా నుంచి నీ నంబరు కొట్టేయించాను. నలభై మందికి నిన్న కొత్త ఉత్తరాలు రాశాను, టైపు చెయ్యకుండా చేత్తో. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని, మీకు తోచిన మాటల్లో రాయండి, రాయకపోతే మీరు బాగున్నారని మేము అనుకోము అని.

ఆ కుర్చీ తడిపింది నువ్వని తెలియక, పెళ్లి తర్వాత మూడు నెలలు నీ మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. శనివారం బయల్దేరి వస్తాను.

చెల్లి


మార్చి 5

చెల్లికి,

రావద్దు. నువ్వు వచ్చి నా గుమ్మంలో ఏడిస్తే నిన్ను ఊరుకోబెట్టే పని కూడా నామీదే పడుతుంది. నాకు ఓపిక లేదు.

నీ మీద ఇప్పుడు నాకున్నది కోపం కాదు, చీదర. రెండు రోజులు నీ ఉత్తరం ముట్టుకోలేదు. అమ్మ మాట పట్టుకుని నువ్వు టిక్కు పెట్టావు, అదే మాట పట్టుకుని నేను నోరు మూసుకున్నాను, కాబట్టి నిన్నొక్కదాన్నే తిట్టడానికీ లేదు. అది ఇంకా మంటగా ఉంది.

నలభై మందికి రాశానన్నావు. నలభై ఒకటి కదా. ఎంతమంది తిరిగి రాశారో అది మాత్రం రాయి.

అక్క


మార్చి 24

అక్కకి,

రావద్దన్నావు, రాలేదు. లెక్క అడిగావు, ఇదిగో.

ఇరవై ఆరుగురి నుంచి కబురు వచ్చింది. తొమ్మిది మంది నిజంగానే బాగున్నారు. ఒకావిడ రోజూ కొండెక్కి దిగుతున్నానని, ఈ మిషను లేకపోతే ఇంట్లోనే చచ్చేదాన్నని రాసింది. ఆ ఉత్తరం పట్టుకుని కాసేపు కూర్చున్నాను, కనీసం అదైనా నిజమని. పదమూడు మందికి బాగోలేదు. కొందరికి తీగ తీయించేశారు, కొందరికి రెండోసారి, మూడోసారి కోశారు. ఒకావిడ నీలాగే గేట్ల గురించి రాసింది. ఇంకొకావిడ కుర్చీలు లేని ఇళ్లకే చుట్టపుచూపుగా వెళుతుందట, నేల అయితే తుడిచేయొచ్చని. ఇంచుమించు అందరూ ఒకటే మాట రాశారు: మిగతా అందరికీ బాగుందన్నారు, అందుకే చెప్పడానికి సిగ్గేసింది.

మిగిలిన నలుగురి ఇళ్ల నుంచి వాళ్ల వాళ్లు రాశారు. ఆ నలుగురూ పోయారు, వేరే జబ్బులతో. ఒకావిడ పోయి రెండేళ్లు. పోయిన ఏడాదీ, ఈ ఏడాదీ ఆవిడ చాలా సంతృప్తిగా ఉన్నట్టు నేను టిక్కు పెట్టాను. వాళ్లబ్బాయి మర్యాదగా, అమ్మని గుర్తుపెట్టుకున్నందుకు ధన్యవాదాలు అని రాశాడు. అది చదివాక నాకు అన్నం సయించలేదు.

కొత్త పట్టిక తయారుచేసి సర్జనుగారి బల్ల మీద పెట్టాను. ఆయన చదవకపోతే పై కమిటీకి ఇంకో ప్రతి ఇచ్చాను. ఆయన ఇంతెత్తున లేచారు. నన్ను కింది అంతస్తులో పాత ఎక్స్‌రేలు దాచే గదికి మార్చారు, కిటికీ లేదు. కమిటీ మాత్రం సభకి వెళ్లాల్సిన కాగితాన్ని ఆపించింది. పాత బ్యాటరీలకి కొత్తవి పెట్టేముందు ప్రతి మనిషినీ కూర్చోబెట్టి అడగమని చెప్పిందట. రిజిస్టరు ఒక్కటి వచ్చే నెలాఖరు దాకా నా దగ్గరే ఉంటుంది.

ఇప్పటి లెక్క ఇది. బాగున్నవాళ్లు నలభై ఆరు, బాగోలేనివాళ్లు ముప్ఫై ఒకటి, పోయినవాళ్లు నాలుగు, తెలియనివాళ్లు పదిహేను. తెలియనివాళ్లకి ఒక గడి ఉండాలని ఏడేళ్లలో మాకు తట్టలేదు. స్కేలు పెట్టి నేనే గీశాను.

ఆ పదిహేను మందిలో పదిహేడో నంబరు కూడా ఉంది. నీ సంగతంతా తెలిసి కూడా అక్కడే ఉంచాను. నలభై ఒకటో ఉత్తరం నీకు రాయలేదని నువ్వు పట్టుకున్నావు. నీకెందుకులే, నాకు తెలుసుగా అనుకున్నాను మళ్లీ. ఆ అలవాటు ఇంకా చావలేదు. ఇప్పుడు ఫారం ఇందులో పెట్టాను. నువ్వు రాయకుండా నీ గురించి నేను ఒక్క గీత కూడా గీయను.

చెల్లి


ఏప్రిల్ 2

చెల్లికి,

ఫారం నింపాను, వెనక పిన్ను కొట్టి ఉంది. ఎన్నిసార్లు తడుపుతారు అన్నచోట రోజుకి ఐదారు, దగ్గితే లెక్క లేదు అని రాశాను. ఎంత అన్నచోట గుక్కెడు నుంచి గ్లాసు దాకా. నొప్పి ఉందా: ఉంది, కుడివైపు, కూర్చుంటే. దాంపత్యం దగ్గర మాత్రం మీ బావ పోయి పదకొండేళ్లు, ప్రశ్న రాసినవాడిని నాకు చూపించండి అని రాశాను. సంతృప్తిగా ఉన్నారా అన్నచోట లేదు. పక్కనే, మొదటి ఏడాదిన్నర ఉన్నాను, అది కూడా ఎక్కించండి అని రాశాను. ఆ సినిమా నాకు ఊరికే రాలేదు.

చదువుతుంటే నీకు అసహ్యం వేస్తే వెయ్యనీ. రాస్తున్నప్పుడు నాకూ వేసింది. మూడో ప్రశ్న దాకానే. ఆ తర్వాత మాసిన బట్టలు లెక్కపెట్టి చీటీ రాసినట్టే ఉంది.

ఇంకో పని చేశాను. మీ వియ్యపురాలి కూతురు మా ఇంటికి రెండు వీధుల అవతలే కదా. ఆదివారం వెళ్లాను. తల్లి కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది. పిల్ల నేల మీద బొమ్మలేసుకుంటోంది. నేను గోడ పట్టుకుని నిలబడే చెప్పాను, ఆ రోజు కుర్చీ తడిపింది నువ్వు కాదు, నేను అని. అది రంగు పెన్సిలు ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"మిమ్మల్ని కూడా కొట్టారా?" అంది.

లేదన్నాను.

"కొట్టకపోతే మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

తల్లి కాఫీతో వచ్చాక ఆమెకి కూడా చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది. పిల్లని దగ్గరికి తీసుకోబోతే అది విదిలించుకుని మళ్లీ బొమ్మ వేసుకుంది. క్షమించలేదు ఇద్దరినీ. మంచి పని చేసింది.

ఆ సాయంత్రమే ఇస్త్రీ ఆవిడని పిలిచి, నీలం సంచి ఇక దాచక్కర్లేదు, గుమ్మంలోనే పెట్టు, మీద నా నంబరు కుట్టు అన్నాను. ఏ నంబరు అంది. పదిహేడు అని చెప్పాను.

మిషను తీయించేస్తాను. చచ్చిన ఎలకని ఇంక మొయ్యను. కొత్తది పెట్టించుకోవాలో వద్దో తీశాక ఆలోచిస్తాను, ఆ కొండెక్కే ఆవిడ ఉత్తరం నాకు చూపించు, పదమూడు మందివీ చూపించు, పేర్లు కత్తిరించి. అన్నీ చదివి నేనే చెబుతాను. ఈసారి నా తరఫున నువ్వు తలూపితే ఆ తల నా చేతుల్లో ఉంటుంది.

పద్నాలుగున పొద్దుటి బస్సుకి వస్తున్నాను. తలుపు పక్క సీటు చెప్పుకున్నాను. ఆ తెల్ల దుప్పట్లు తీసెయ్, వాటికింద పరుపు మీద రబ్బరు గుడ్డ వెయ్. సోఫా మీద కూడా ఒకటి పరిచి ఉంచు. దాని మీద అందమైన శాలువాలేం కప్పకు. వియ్యపురాలు వస్తే రానీ, అదేమిటని అడిగితే అడగనీ. నేనే చెబుతాను.

నీ మీద చీదర పూర్తిగా పోలేదు. వచ్చాక కూడా రెండు రోజులు ఉంటుంది. వంట మాత్రం బాగా చెయ్యి.

పదిహేడో నంబరు,
నీ అక్క